మడ్డీ వాటర్స్: పత్తి చేలో పుట్టిన పాటకు షికాగోలో కరెంటు పెట్టిన మనిషి

కృష్ణాతీరం రాశారు:

మన వేదికలో రాక్ సంగీతంలో పేరున్న రోలింగ్ స్టోన్స్ బ్యాండు మీద, ఎరిక్ క్లాప్టన్ మీద, జిమీ హెండ్రిక్స్ మీద పేజీలకు పేజీలు చర్చ నడిచింది. వాళ్లంతా గురువుగా చెప్పుకునే మనిషి మీద మాత్రం విడిగా ఒక్క చర్చ కూడా లేదు. రోలింగ్ స్టోన్స్ తమ పేరునే ఆయన 1950లో పాడిన పాట నుంచి తీసుకున్నారు. చిన్నప్పుడు ఆయన రికార్డు విని హడలిపోయానని హెండ్రిక్స్ చెప్పుకున్నాడు. అందుకే అమెరికా దక్షిణాది నల్లవాళ్ల పాట అయిన బ్లూస్‌ను పాడిన మడ్డీ వాటర్స్ కోసం ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు కొంచెం చరిత్ర. అసలు పేరు మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్. సొంత రాష్ట్రం అమెరికా దక్షిణాన ఉన్న మిసిసిపీ. పుట్టింది 1913లోనా, 1915లోనా అన్నది ఇప్పటికీ తేలలేదు. సమాధి రాయి మీద 1915 అని ఉంది, పాత కాగితాలు కొన్ని 1913 అంటాయి. నల్లవాళ్ల పిల్లల పుట్టిన తేదీలు సరిగా రాసిపెట్టే నాథుడు లేని కాలం అది. పసితనంలోనే తల్లి పోతే అమ్మమ్మ డెల్లా గ్రాంట్ పెంచింది. ఎప్పుడూ బురదలో ఆడుతుంటాడని ఆవిడే 'మడ్డీ' అని పిలిచేది. 'వాటర్స్' తర్వాత వచ్చి చేరింది. క్లార్క్స్‌డేల్ పక్కన స్టోవాల్ అనే పెద్ద పత్తి ఎస్టేటులో పెరిగాడు. అక్కడే పత్తి ఏరాడు, అక్కడే ట్రాక్టరు తోలాడు.

మొదట పట్టింది మౌతార్గాన్. పదిహేడేళ్లప్పుడు గిటారు. దాన్ని ఎలా కొన్నాడో ఆయనే తర్వాత చెప్పాడు. ఇంట్లో మిగిలిన ఆఖరి గుర్రాన్ని అమ్మితే 15 డాలర్ల దాకా వచ్చాయి. అందులో సగం అమ్మమ్మ చేతిలో పెట్టి, తన వాటాలోంచి రెండున్నర డాలర్లతో ఒక స్టెల్లా గిటారు తీసుకున్నాడు. సియర్స్ రోబక్ కేటలాగు చూసి షికాగో నుంచి పోస్టులో తెప్పించుకునే రకం అది. సేద్యం చేసుకునే ఇంట్లో గుర్రం పోయి గిటారు రావడం అంటే ఏమిటో పల్లెల్లో పెరిగినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఆ చుట్టుపక్కల సన్ హౌస్ అనే గొప్ప వాయిద్యగాడు ఉండేవాడు. సీసా మెడను వేలికి తొడుక్కుని తీగల మీద జారుస్తూ వాయించేవాడు. దీన్నే స్లయిడ్ అంటారు. మడ్డీ రాత్రుళ్లు వరసపెట్టి వెళ్లి దగ్గర కూర్చుని ఆ చెయ్యి చూసేవాడు. రాబర్ట్ జాన్సన్ అనే మరో బ్లూస్ గాయకుడి రికార్డులు వినేవాడు. శనివారం రాత్రి తన గుడిసెలోనే పాట, జూదం, దొంగసారా అన్నీ నడిపేవాడు.

1943లో షికాగో వెళ్లాడు, 1948లో రికార్డు హిట్టయింది, 1950లలో ఆయన బ్యాండుకు సాటి బ్యాండు ఆ నగరంలో లేదు. 1983 ఏప్రిల్ 30న నిద్రలోనే పోయాడు.

ఇక నా మాట. ఆయన గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది మట్టిలో దొరికిన మాణిక్యం అన్నట్టు రాస్తారు. ఎవరో వచ్చి రికార్డు చేశారు, ఇంకెవరో కంపెనీ పెట్టి అమ్మారు, ఇంగ్లండులో తెల్ల కుర్రాళ్లు పాపులర్ చేశారు. ఈ లెక్కన ఆయన చేసింది ఏమీ లేనట్టే. దీన్ని ఒప్పుకోవడానికి నాకు మనసు రావడం లేదు. ప్రతి మలుపులోనూ నిర్ణయం తీసుకున్నది ఆయనే అంటాను. మీరేమంటారు?

కొత్తశ్రోత రాశారు:

మంచి చర్చ అండీ. నేను ఈ సంగీతానికి కొత్త. ఒక సందేహం. అలన్ లోమాక్స్ అనే ఆయన వచ్చి రికార్డు చేయకపోతే మడ్డీ ట్రాక్టరు తోలుకుంటూ అక్కడే ఉండిపోయేవాడు కదా? అలాంటప్పుడు కనిపెట్టిన క్రెడిట్ లోమాక్స్‌కి ఇవ్వడంలో తప్పేముంది?

పాతరికార్డులు రాశారు:

కొత్తశ్రోత గారూ, మీ ప్రశ్నలోనే ఒక పేరు తప్పిపోయింది. అది మీ పొరపాటు కాదు, దశాబ్దాల పాటు అందరూ ఆ పేరు లేకుండానే కథ చెప్పారు.

1940 ఏప్రిల్‌లో మిసిసిపీలోని నాచెజ్ పట్నంలో ఒక డాన్సు హాలు తగలబడి రెండు వందల మందికి పైగా నల్లవాళ్లు చనిపోయారు. ఆ దుర్ఘటన మీద జనం ఎలాంటి పాటలు కడతారో చూడాలని ఒక ప్రొఫెసరుకు అనిపించింది. ఆయన జాన్ వర్క్, నాష్‌విల్‌లో నల్లవాళ్ల కోసం ఏర్పడిన ఫిస్క్ యూనివర్సిటీలో సంగీతం చెప్పేవాడు, స్వయంగా నల్లజాతివాడు, స్వరకర్త. ఆ ఆలోచన పెరిగి పెరిగి అమెరికా జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌తో కలిసి చేసే పెద్ద పరిశోధన అయింది. లైబ్రరీ తరఫున వచ్చినవాడు లోమాక్స్. 1941 ఆగస్టులో మడ్డీ గుడిసెకు వెళ్లినప్పుడు ఇద్దరూ ఉన్నారు.

తర్వాత లోమాక్స్ పేరు ప్రపంచమంతా తెలిసింది. వర్క్ కష్టపడి స్వరాలతో సహా రాసిన ప్రతి మాత్రం అచ్చు కాకుండా మూలన పడిపోయింది. అది పుస్తకంగా బయటికొచ్చింది 2005లో. అప్పటికి వర్క్ పోయి చాలా ఏళ్లయింది.

ఇక ఆ రోజు ఏం జరిగిందో చూడండి. తెల్లవాడొకడు తన కోసం వెతుకుతున్నాడని తెలియగానే మడ్డీకి టెన్షన్ పట్టుకుంది. సారా పట్టుకోవడానికి వచ్చిన ఎక్సైజు మనిషి అనుకున్నాడు. కానీ వచ్చిన లోమాక్స్ మడ్డీ తాగిన గ్లాసులోనే నీళ్లు తాగాడు. ఆ కాలంలో, ఆ రాష్ట్రంలో తెల్లవాడు అలా తాగడం అన్నది వినలేదు, కనలేదు. అప్పుడు కాస్త కుదురుకుని పాడాడు. రికార్డు చేసి వెంటనే వినిపించారు. తన గొంతు తనకే మార్కెట్లో కొన్న రికార్డులా వినపడింది. కొన్నాళ్లకు పోస్టులో రెండు రికార్డులు, 20 డాలర్ల చెక్కు వచ్చాయి. ఒక రికార్డు పట్టుకుపోయి దగ్గర్లోని జ్యూక్‌బాక్సులో, అంటే నాణెం వేస్తే పాడే పెట్టెలో, పెట్టి మళ్లీ మళ్లీ వేసుకున్నాడు. నేనూ చేయగలను అని తనకు తనే చెప్పుకున్నాడు.

లోమాక్స్ చేసింది చిన్న పని కాదు. అద్దం తెచ్చి ముందు పెట్టాడు. అందులో కనిపించిన ముఖం మాత్రం మడ్డీ అప్పటికే తయారు చేసుకున్నది.

మెతుకుసీమ రాశారు:

పాతరికార్డులు అన్న మంచి మాట చెప్పిండు. నేను ఇంకో వైపు నుంచి చెప్తా.

ఆ ఎస్టేట్ల లెక్క చూస్తే మా తాతల కాలం కథలు గుర్తొస్తయి. భూమి దొరది. విత్తనం, తిండిగింజలు, బట్ట అన్నీ దొర దుకాణంలో అప్పు. పంట చేతికొచ్చినంక సగం దొరకు, మిగతా సగంలోంచి అప్పు కోత. లెక్క రాసేది కూడా దొర మనిషే. ఏడాదంతా చాకిరీ చేసి ఆఖరుకు ఇంకా బాకీ ఉన్నవని తేలుతుండె చాలామందికి. తెలంగాణ పల్లెల్లో నాగుకు గింజలు తెచ్చుకున్న ఇండ్లల్ల పెరిగినోళ్లకు ఇది వేరే దేశం కథ అనిపియ్యదు. చట్టం పుస్తకంలో బానిసత్వం 1865లోనే పోయింది. అయినా 1940లలో కూడా మనిషిని అప్పు కట్టేస్తుండె.

మడ్డీ అక్కడి నుంచి ఎట్ల బయటపడ్డడో చాలామంది ఒక లైన్‌లో రాసి వదిలేస్తరు. ట్రాక్టరు తోలినందుకు గంటకు 22న్నర సెంట్లు వస్తుండె. 25 చేయమని అడిగిండు. మేస్త్రి మండిపడ్డడు. రెండున్నర సెంట్లు! ఆ మాట పడ్డ కొన్ని రోజులకే క్లార్క్స్‌డేల్‌లో రైలెక్కి షికాగో పోయిండు. అది 1943 మే నెల. ఆయనొక్కడే కాదు, 1910 నుంచి 1970 దాకా దక్షిణం వదిలి ఉత్తరానికి, పడమటికి పోయిన నల్లవాళ్లు దాదాపు 60 లక్షలు. దుబాయికి, బొంబాయికి వలసపోయిన ఇండ్లున్న ఊర్ల మనుషులం, ఆ రైలులో ఏముంటదో మనకు తెలుసు.

అందుకే కృష్ణాతీరం గారి మాటకు నేను పూర్తిగా ఓటేస్తున్న. రైలెక్కుమని ఆయనకు లోమాక్స్ చెప్పలే.

బేస్‌మెంట్‌గిటార్ రాశారు:

సూపర్ పోస్టు మెతుకుసీమ అన్నా.

వాయించేవాడిగా నేను షికాగో భాగం చెప్తాను. పోగానే స్టార్ అయిపోలేదు. పగలు కాగితం డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో పని, రాత్రి ఇళ్లల్లో పార్టీలకు, చిన్న చిన్న బార్లకు వాయించడం. అప్పటికే పేరున్న బిగ్ బిల్ బ్రూన్జీ చెయ్యి అందించాడు. కానీ సమస్య ఎక్కడొచ్చిందంటే, షికాగో బారులో మామూలు గిటారు వినపడదు. ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చిన జనం, గ్లాసుల చప్పుడు, అరుపులు. అమ్మమ్మ గుడిసె ముందు వాయించినట్టు వాయిస్తే ముందు బల్ల వాడికి కూడా చేరదు. మేనమామ ఒకాయన ఎలక్ట్రిక్ గిటారు ఇచ్చాడు. కరెంటు మోజుతో కాదు, వినపడాలని పెట్టుకున్నాడు.

అయితే చాలామంది అక్కడితో ఆగితే ఈయన ఆగలేదు. కరెంటు వచ్చాక స్వరం ఎక్కువసేపు నిలబడుతుంది, గరగరలాడుతుంది, ఏడుస్తుంది. ఆ గుణాలను పట్టుకుని స్లయిడ్ వాయింపునే మార్చేశాడు. తక్కువ స్వరాలు, ఒక్కొక్కటీ బరువుగా. ఈరోజు మనం రాక్ గిటార్ సౌండ్ అంటున్నది చాలావరకు ఆ బార్లలో పుట్టిందే.

తర్వాత బ్యాండు. రెండో గిటారు జిమీ రోజర్స్, మౌతార్గాన్ లిటిల్ వాల్టర్, కొన్నాళ్లకు పియానో ఓటిస్ స్పాన్. లిటిల్ వాల్టర్ గురించి విడిగా చర్చ పెట్టాలి అసలు. మైకును, మౌతార్గాన్‌ను రెండు చేతుల మధ్య కలిపి మూసి, గిటారు ఆంప్లిఫయర్‌లోంచి ఊదేవాడు. వింటే శాక్సఫోనేమో అనిపిస్తుంది. 1952లో మడ్డీ సెషన్‌లోనే రికార్డు చేసిన అతని సొంత ముక్క ఆర్ అండ్ బి (నల్లవాళ్ల పాపులర్ సంగీతం) చార్టులో ఒకటో నంబరుకు వెళ్లింది. దాంతో సొంత బ్యాండు పెట్టుకుని వెళ్లిపోయాడు. మడ్డీ పగ పట్టలేదు, రికార్డింగులకు మళ్లీ మళ్లీ పిలిపించుకున్నాడు. ఆయన దగ్గర పనిచేసి వెళ్లినవాళ్ల జాబితా తీస్తే ఆనాటి షికాగో బ్లూస్ సగం అందులోనే ఉంటుంది: జేమ్స్ కాటన్, బడ్డీ గై, పైన్‌టాప్ పెర్కిన్స్.

పాతరికార్డులు రాశారు:

కొత్తశ్రోత గారి ప్రశ్నకు ఇంకో జవాబు బేస్‌మెంట్ మాటల వల్ల గుర్తొచ్చింది. 1941లో గుడిసెలో పాడిన వాటిలో రెండు పాటలనే కొద్దిగా మార్చి 1948లో ఎలక్ట్రిక్ గిటారుతో పాడాడు. పక్కన బిగ్ క్రాఫర్డ్ బేస్ తప్ప ఎవరూ లేరు. ఒక వైపు 'ఐ కాంట్ బి శాటిస్‌ఫైడ్', రెండో వైపు 'ఐ ఫీల్ లైక్ గోయింగ్ హోమ్'. కంపెనీ పేరు అరిస్టోక్రాట్, తర్వాత అదే చెస్ కంపెనీ అయింది. పోలండ్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం పిల్లాడు లెనర్డ్ చెస్ అందులో భాగస్వామి. ఆయనకు ఆ పాటలో ముక్క అర్థం కాలేదు, ఇదెవరు కొంటారు అన్నాడు. భాగస్వామి ఎవెలిన్ ఆరన్ అనే ఆవిడ పట్టుబట్టి విడుదల చేయించింది. వారాంతం తిరక్కుండా సరుకు అయిపోయింది. మడ్డీ తన రికార్డు తనే కొనడానికి వెళితే మనిషికి ఒకటే ఇస్తామన్నారు.

కొనడానికి ఎగబడ్డది ఎవరు? మిసిసిపీ నుంచి వలస వచ్చి కబేళాల్లో, ఉక్కు మిల్లుల్లో పనిచేస్తున్నవాళ్లు. పాట వాళ్ల ఊరిది, గిటారు మోత వాళ్లిప్పుడు బతుకుతున్న నగరానిది. లెనర్డ్ చెస్‌కు అర్థం కానిది వాళ్లకు ఒక్క క్షణంలో అర్థమైంది. ఈ పాటలకు మొదటి న్యాయనిర్ణేతలు వాళ్లు. ఇంగ్లండు కుర్రాళ్లు ఆ తర్వాత పదిహేనేళ్లకు వచ్చారు.

వీణాపాణి రాశారు:

నమస్కారం అందరికీ. నేను వీణ నేర్పుతాను. గిటారు గురించి నాకు అంత తెలియదు కానీ స్వరం గురించి రెండు మాటలు రాయాలనిపించింది.

మా అబ్బాయి ఒకసారి ఈయన పాట పెట్టినప్పుడు నా చెవి పట్టుకున్నది గాంధారం. మన పద్ధతిలో సాధారణ గాంధారం, అంతర గాంధారం అని రెండు స్థానాలున్నాయి. పియానో మీద అవి పక్కపక్క మెట్లు. మడ్డీ గొంతు నిలబడేది ఆ రెండింటికీ నడుమ, పియానోలో అసలు మెట్టే లేని చోట. పైగా ఒక్కచోటే నిలబడదు. కింద నుంచి మెల్లగా జారుకుంటూ వచ్చి, అంతర గాంధారం అందుతుందనగా ఆగిపోతుంది. స్లయిడ్ కూడా అదే చేస్తుంది. గొంతు ఎక్కడ వదిలిందో గిటారు అక్కడ అందుకుంటుంది.

మన జారు గమకం తెలిసినవాళ్లకు, గోటువాద్యం విన్నవాళ్లకు ఇది వెంటనే దొరుకుతుంది. మెట్లు లేని తీగ మీద చెక్క కడ్డీ జార్చి పలికించే గోటువాద్యానికి, మెట్లున్నా వాటిని పట్టించుకోకుండా గొట్టం జార్చే ఈ పద్ధతికి చరిత్రలో సంబంధం ఉందని నేను అనడం లేదు. చెవికి మాత్రం ఇద్దరూ చుట్టాలే.

తేడా కూడా చెప్పాలి. మనకు వెనక తంబూరా షడ్జమ పంచమాలే పలుకుతుంది కాబట్టి గాంధారం ఎటు వంగినా గొడవ లేదు. అక్కడ వెనక పియానో, రెండో గిటారు కచ్చితంగా అంతర గాంధారమే మోగిస్తున్నాయి. దాని మీద ఈయన తగ్గించి పాడతాడు. ఆ రాపిడిలోనే బాధ ఉంది. శ్రుతి తప్పాడని ఎవరైనా అంటే వాళ్లు సరిగా వినలేదని అర్థం. అదే చోటికి ప్రతిసారీ అంత గురిగా రావడం శ్రుతి తప్పినవాడి వల్ల అయ్యే పని కాదు.

బేస్‌మెంట్‌గిటార్ రాశారు:

వీణాపాణి గారూ, మీ పోస్టు చదివి గిటారు పట్టుకుని కూర్చున్నాను. మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకొకటి కూడా గమనించండి. ఆయన తాళం మీద పడడు, కాస్త వెనకగా పాడతాడు. డ్రమ్మర్ కూడా ఆయన కోసం అంత వెనక్కి తగ్గాలి. పాట మధ్యలో ఇష్టమొచ్చినంతసేపు ఒక మాటను లాగుతాడు, బ్యాండు ఆయన ముఖం చూస్తూ ఉండాల్సిందే. తాళం ఆవృత్తాలు లెక్కపెట్టుకుని వాయిస్తే దొరికిపోతాం. నా బ్లూస్ వాయించడం చాలా కష్టం అని ఆయనే అనేవాడు. సామాను చూస్తే ఏమీ లేదు: ఎర్ర రంగు టెలికాస్టర్ రకం ఎలక్ట్రిక్ గిటారు, చిటికెన వేలికి చిన్న ఇనుప గొట్టం, మందం తీగలు.

నేపర్‌విల్_సుధ రాశారు:

ఈ చర్చ నాకు చాలా దగ్గరిది, ఎందుకంటే ఆయన ఆఖరి పదేళ్లు ఉన్నది షికాగో శివార్లలో మా పక్క ఊరు వెస్ట్‌మాంట్‌లోనే. నేపర్‌విల్, అరోరా చుట్టూ ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం. వెస్ట్‌మాంట్ మీదుగా ఎన్నోసార్లు వెళుతుంటాం. అక్కడ కాస్ ఎవెన్యూలో కొంత భాగానికి గౌరవంగా ఆయన పేరు పెట్టారు. బోర్డు కనిపిస్తుంది. మా అపార్ట్‌మెంట్లో మాత్రం ఎవరిని అడిగినా అదెవరో తెలియదన్నారు.

సిటీలో చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. సౌత్ సైడ్‌లో లేక్ పార్క్ ఎవెన్యూ మీద 4339 నంబరు ఎర్ర ఇటుకల ఇల్లు ఆయనది. 1954లో కొన్నాడు. పైన అద్దెకు సంగీతకారులు, నేలమాళిగలో రిహార్సల్స్. ఊరి నుంచి కొత్తగా వచ్చిన వాయిద్యగాళ్లకు అది సత్రం లాంటిది. ఆ ఇల్లు కూలిపోయే స్థితికి వచ్చాక కుటుంబంలోని మునిమనవరాలు పూనుకుని మ్యూజియం చేయడానికి పట్టుదలగా పని చేస్తున్నారు. 2021లో నగరం దాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించింది. డౌన్‌టౌన్‌లో స్టేట్ స్ట్రీట్ దగ్గర బ్రెజిల్ చిత్రకారుడు ఎడ్వార్డో కోబ్రా వేసిన పదంతస్తుల బొమ్మ ఉంది. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారికి చూపిస్తే, 'ఈయన మొహంలో ఎంత ధీమా ఉందమ్మా' అన్నారు.

కానీ నేను ఒక విషయం అడగాలి. ఇంత పేరున్న మనిషి ఇంటికి ఆ గతి ఎందుకు పట్టింది? డబ్బు ఏమైంది?

కొత్తశ్రోత రాశారు:

సుధ గారు అడిగిందే నేనూ అడుగుదామనుకున్నాను. రోలింగ్ స్టోన్స్ 1964లో చెస్ స్టూడియోకి వెళితే మడ్డీ నిచ్చెనెక్కి సీలింగుకు పెయింటు వేస్తున్నాడని ఎక్కడో చదివి చాలా బాధేసింది. నిజమేనా?

పాతరికార్డులు రాశారు:

రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ చాలాసార్లు చెప్పిన కథ అది. లెనర్డ్ కొడుకు మార్షల్ చెస్ అలాంటిది జరగనే లేదని గట్టిగా ఖండించాడు. అదే బ్యాండులో ఉన్న బిల్ వైమన్‌కు గుర్తున్నది వేరు: వ్యాను దిగగానే మడ్డీ వచ్చి సామాను మోయడానికి సాయం చేశాడట. నాకు వైమన్ మాటే నమ్మబుద్ధి అవుతుంది. ఆయన ఎప్పుడూ మంచి సూటు వేసుకుని, తల దువ్వుకుని దర్జాగా తిరిగే మనిషి.

పెయింటు కథ ఎందుకంత పాకిందంటే దాని వెనక నిజమైన అన్యాయం ఒకటి ఉంది. చెస్ కంపెనీ ఆర్టిస్టులకు కార్లు కొనిచ్చేది, ఆసుపత్రి బిల్లు కట్టేది, అడిగినప్పుడల్లా చేబదులు ఇచ్చేది. లెక్క మాత్రం చూపించేది కాదు. పాట హక్కులు చూసుకున్నది ఆర్క్ మ్యూజిక్ అనే సంస్థ, అందులోనూ చెస్ సోదరులకు వాటా. 1970లలో మడ్డీ, విల్లీ డిక్సన్ ఆ సంస్థ మీద కోర్టుకెక్కారు. కోర్టు బయట రాజీ కుదిరి హక్కులు చాలావరకు వెనక్కి వచ్చాయి. మెతుకుసీమ గారు రాసిన దొర దుకాణం లెక్క గుర్తుందా, షికాగోలో కూడా అదే ఖాతా పుస్తకం వేరే అట్టతో నడిచింది.

విల్లీ డిక్సన్ పేరు వచ్చింది కాబట్టి చెప్పాలి. మడ్డీ పాడిన పెద్ద హిట్లలో చాలావాటికి రచయిత ఆయన. 1954లో వచ్చిన 'హూచీ కూచీ మ్యాన్' పాటను జాంజిబార్ క్లబ్బులో ఇంటర్వెల్ అప్పుడు బాత్‌రూములో నిలబడి మడ్డీకి నేర్పాడు. అప్పటికప్పుడు స్టేజీ ఎక్కి పాడేశాడట. బ్యాండు మొత్తం చిన్న ముక్క కొట్టి ఠక్కున ఆగిపోతుంది. ఆ ఖాళీలో గొంతొక్కటే. ఆ ఎత్తుగడను ఆ తర్వాత ఎంతమంది వాడుకున్నారో లెక్కలేదు. 1962లో డిక్సన్ రాసి మడ్డీ పాడిన ఇంకో పాట మాటలు ఇంగ్లండు రాక్ బ్యాండు లెడ్ జెప్‌లిన్ పెద్ద హిట్‌లో తేలాయి. డిక్సన్ 1985లో కేసు వేశాడు, అది కూడా రాజీతో ముగిసి ఆయన పేరు పాట మీదికి ఎక్కింది. తర్వాత పాత చెస్ స్టూడియో భవనం, 2120 సౌత్ మిషిగన్ ఎవెన్యూ, డిక్సన్ స్థాపించిన బ్లూస్ హెవెన్ ఫౌండేషన్ చేతికే వచ్చింది.

మెతుకుసీమ రాశారు:

ఖాతా పుస్తకం మాట నూటికి నూరు నిజం అన్నా. రోలింగ్ స్టోన్స్ మీద నాకు కోపం లేదు, వాళ్లు టీవీల్లో, ఇంటర్వ్యూల్లో ఆయన పేరు గౌరవంగా చెప్పిండ్రు. కానీ గౌరవం వేరు, పైసలు వేరు.

నేపర్‌విల్_సుధ రాశారు:

మనందరం ఆయన్ని నెత్తిన పెట్టుకుంటున్నాం కాబట్టి ఒక విషయం నేను రాయకపోతే ఈ చర్చ సగమే అవుతుంది. భార్య జెనీవా ఇల్లు, వచ్చిపోయేవాళ్లు, వంట అన్నీ చూసుకుంటుంటే ఆయనకు బయట వేరే సంబంధాలు, వేరే పిల్లలు ఉన్నారు. ఆ పిల్లలకు చాలా ఏళ్లు తండ్రి అంటే రికార్డు మీది పేరే. 1973లో జెనీవా క్యాన్సర్‌తో పోయింది. అప్పుడు ఆ పిల్లల్లో కొందరిని తెచ్చి వెస్ట్‌మాంట్‌లో ఇల్లు కొని తన దగ్గర పెంచాడు. ఆ పని మంచిదే. కానీ అది చూడటానికి జెనీవా లేదు, చూసి సంతోషించాల్సిన అవసరమూ ఆవిడకు లేదు.

కొడుకుల్లో బిగ్ బిల్ మోర్గన్‌ఫీల్డ్ ఫ్లారిడాలో అమ్మమ్మ దగ్గర పెరిగాడు. తండ్రి పోయాకే గిటారు పట్టుకున్నాడు. మరో కొడుకు మడ్ మోర్గన్‌ఫీల్డ్ గొంతు వింటే కళ్లు మూసుకున్నవాళ్లు తండ్రే అనుకుంటారు. పెద్దరికం అంటే ఇలాంటి సంగతులు కూడా లెక్కలోకి రావాలని నా అభిప్రాయం.

కృష్ణాతీరం రాశారు:

సుధ గారూ, రాసినందుకు థ్యాంక్స్. నేను నిర్ణయాలన్నీ ఆయనవే అన్నప్పుడు వీటిని పక్కన పెట్టలేను. ఇవి కూడా ఆయన నిర్ణయాలే.

ఇంగ్లండు సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను అందుకుంటాను. 1958లో క్రిస్ బార్బర్ అనే జాజ్ కళాకారుడు పిలిస్తే మడ్డీ, ఓటిస్ స్పాన్ వెళ్లారు. అక్కడివాళ్లు పల్లెటూరి మామూలు గిటారు కోసం ఎదురుచూస్తున్నారు. ఈయన షికాగోలో వాయించినట్టే ఆంప్లిఫయర్ పెంచి వాయించాడు. పత్రికలు గిటారు కేకలు పెడుతోందని, పియానో ఊళలు వేస్తోందని రాశాయి. 1963లో మళ్లీ వెళ్లేటప్పుడు వాళ్ల కోరిక ప్రకారం మామూలు గిటారు పట్టుకెళితే, ఈలోగా కుర్రకారు మారిపోయి, నీ ఎలక్ట్రిక్ గిటారు ఏదని అడిగారు! మధ్యలో, 1960 జులైలో న్యూపోర్ట్ జాజ్ పండగలో ఆయన బ్యాండు వాయించినది రికార్డుగా వచ్చింది. వీడియో కూడా ఉంది. ముగింపు ముందు పాటలో ఓటిస్ స్పాన్ పియానో, జేమ్స్ కాటన్ మౌతార్గాన్ ఊపుకు ఆగలేక మడ్డీ చేతిలో గిటారు లేకుండా కాటన్‌ను పట్టుకుని డాన్సు చేస్తాడు. ఆ రెండు నిమిషాలు ఎన్నిసార్లు చూశానో.

బేస్‌మెంట్‌గిటార్ రాశారు:

కృష్ణాతీరం గారితో ఒక్క విషయంలో పేచీ. 'ప్రతి మలుపులో ఆయనే' అన్నారు. మరి 1968 నాటి 'ఎలక్ట్రిక్ మడ్' ఆల్బమ్ సంగతేంటి? మార్షల్ చెస్ హిప్పీ కుర్రాళ్లకు అమ్మాలని గిటారు శబ్దాన్ని మార్చే ఫజ్, వా-వా పెడల్స్ పెట్టి వేరే బ్యాండుతో చేయించాడు. ఆయనకు అది అస్సలు నచ్చలేదు. తన బ్యాండుతో స్టేజీ మీద వాయించలేని రికార్డు ఎందుకని విసుక్కున్నాడు. నాకు మాత్రం ఆ ఆల్బమ్ ఇష్టం. పీట్ కోజీ గిటారు అందులో అరాచకం. తర్వాతి తరంలో హిప్‌హాప్ వాళ్లు దాని ద్వారానే ఆయన దగ్గరికి వచ్చారు. పబ్లిక్ ఎనిమీ అనే హిప్‌హాప్ బృందంలోని చక్ డి లాంటివాడు అలాగే మొదలుపెట్టాడు.

కృష్ణాతీరం రాశారు:

అది ఒప్పుకుంటాను బేస్‌మెంట్, అక్కడ స్టీరింగ్ ఆయన చేతిలో లేదు. అయినా నాకు ఆ ఆల్బమ్ ఎక్కదు. పీట్ కోజీ గొప్పగా వాయించాడు, కానీ వీణాపాణి గారు చెప్పిన ఆ నడిమి గాంధారం ఫజ్ మోతలో మునిగిపోయింది. ఆయన గొంతు ఉన్న ఆల్బమ్‌లో ఆయన గొంతు కోసం వెతుక్కోవాల్సి రావడం నాకు కష్టంగా ఉంటుంది.

దానికి సరైన జవాబు 1977లో వచ్చింది. చెస్ కంపెనీ అమ్ముడుపోయాక గిటారిస్టు జానీ వింటర్ ప్రొడ్యూసరుగా 'హార్డ్ అగైన్' అనే ఆల్బమ్ చేశాడు. అందరినీ ఒకే గదిలో నిలబెట్టి, ఒకరి శబ్దం ఒకరి మైకులో పడనిచ్చి రికార్డు చేశాడు. మొదటి పాటలోనే వెనక నుంచి వింటర్ ఆనందం పట్టలేక అరుస్తుంటాడు. దానికీ గ్రామీ వచ్చింది. మొత్తం ఆరు గ్రామీలు, అన్నీ 1972 నుంచి 1980 లోపువే. యాభైలలో ఆయన అసలు పని చేసినప్పుడు గ్రామీ అనేదే చాలాకాలం పుట్టలేదు.

వీణాపాణి రాశారు:

మా అబ్బాయి ఈ చర్చ చదివి నన్ను 'ఎలక్ట్రిక్ మడ్' వినమని పోరుతున్నాడు. వింటాను కానీ ముందు 1941వి వినాలనుంది. గుడిసెలోవి దొరుకుతాయా?

పాతరికార్డులు రాశారు:

దొరుకుతాయండీ. 1941, 42 రికార్డింగులన్నీ కలిపి మధ్యలో మాట్లాడిన ఇంటర్వ్యూ ముక్కలతో సహా సీడీగా వచ్చాయి, స్ట్రీమింగ్‌లో కూడా ఉన్నాయి. పాట ఎలా కట్టావని అడిగితే నెమ్మదిగా, మర్యాదగా జవాబు చెప్పే ఆ కుర్రాడి గొంతు వినండి. ఆ గుడిసెలో మిగిలిన భాగం ఇప్పుడు క్లార్క్స్‌డేల్‌లో డెల్టా బ్లూస్ మ్యూజియంలో ఉంది. దాని దూలం చెక్కతో జీజీ టాప్ అనే రాక్ బ్యాండు గిటారిస్టు బిల్లీ గిబన్స్ ఒక గిటారు కూడా చేయించాడు.

కొత్తశ్రోత గారూ, మీరు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి. 1941 నాటి 'ఐ బీజ్ ట్రబుల్డ్' విని, వెంటనే 1948 నాటి 'ఐ కాంట్ బి శాటిస్‌ఫైడ్' వినండి. పాట దాదాపు అదే, గిటారు వేరు. తర్వాత 1950ల బ్యాండు పాటలు ఏ సంకలనంలోవైనా సరే, ఆ తర్వాత న్యూపోర్ట్. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, బేస్ మొత్తం పోతుంది. అవి విన్నాక 'ఎలక్ట్రిక్ మడ్' మీద ఎవరి పక్షమో ఇక్కడ రాయండి.

కొత్తశ్రోత రాశారు:

రెండూ ఇప్పుడే విన్నాను. నా మొదటి ప్రశ్నకు జవాబు దొరికిందండీ, 1948లో ఉన్నదంతా 1941లోనే ఉంది. ఇక న్యూపోర్ట్ వీడియో పెడుతున్నాను. బేస్‌మెంట్ అన్నా, లిటిల్ వాల్టర్ మీద చర్చ ఎప్పుడు మొదలుపెడుతున్నారు?